దడుపు జ్వరం

మా ఆఫీసు లిఫ్టులోకి అత్తరు దట్టంగా పూసుకొచ్చే వాళ్లతో పెద్ద ఇబ్బంది. నాలుగో అంతస్తు వచ్చేసరికి నా అంగీ కూడా వాళ్లదే అన్నట్టు గుబాళిస్తుంది. మొన్న ఆ వాసనకే మెదక్‌లోని మా నానమ్మ యాదికొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. హైదరాబాద్‌లో బాంబులు పేలినయని టీవీల రోజంతా అదే చూపించిండ్రు. "గడ్డం, టోపీ కనబడితే దూరం ఉరుకు," అని బాపు చెప్పిండు. నేను చెప్పిన మాట వినే పిల్లగాణ్ని. భయపడమంటే బాగానే భయపడి, తెల్లారేసరికి జ్వరం తెచ్చుకున్న.

దవాఖాన మందులు పని చెయ్యలేదు. దడుపు జ్వరానికి మా దిక్కు ఇంకో వైద్యం ఉంది. సాయంత్రం నమాజు అయినంక మసీదు గుమ్మం దగ్గర పిల్లలకు ఊదిస్తరు. నానమ్మ నాకు దుప్పటి కప్పి, బాపుకు చెప్పకుండా అక్కడికే తీసుకపోయింది. లోపలి నుంచి గడ్డాలు, టోపీలు గుంపుగా బయటికొస్తుంటే నాకు బాపు చెప్పింది యాదికొచ్చింది. ఉరుకుదామంటే నానమ్మ చెయ్యి వదలలేదు.

అత్తరు వాసనతో ఒక ముసలి సాయబు వంగి, ఏదో చదివి, నా ముఖం మీద మెల్లగా ఊదిండు. తల నిమిరి, "పాపం, ఎంత వణుకుతుండు! దేన్ని చూసి దడుసుకున్నడమ్మా?" అని అడిగిండు.

నానమ్మకు మాట దాచుడు రాదు.

"మిమ్మల్ని చూసే, సాయబూ," అన్నది.