సీటు బెల్టు చివర మట్టి

మా ముత్తాత రామచంద్రయ్య తిరుమలగిరిలో పటాలం గుర్రాలకు గడ్డీ దాణా సరఫరా చేసిన కంట్రాక్టరు. మా తాత నరసయ్య కారులో వస్తుంటే సీతాఫల్‌మండి సందుల్లో టాంగాలు గోడవారకు జరిగి దారి ఇచ్చేవట. మా నాన్న సుదర్శనం తన చేత్తో కారు తలుపు తెరిచి ఎరుగడు. ఇంటిపేరు రాయను. రాస్తే సికింద్రాబాద్‌లో ఇంకా కొందరు గుర్తుపడతారు. గుర్తుపట్టకపోతే అది మరీ కష్టం.

ఈ వంశం సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఒక ముసలి డ్రైవరు మీద నేను ఆడిన అబద్ధానికి వీళ్లందరూ నా వెనక నిలబడి ఉన్నారని చాలాకాలం అనుకున్నాను. వాళ్ల పరువు కోసమే ఆడానని. కాదు. అబద్ధం నాదే. మూడే మాటలు. ఏళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరు నా మొహం చూడరు కాబట్టి.

అతని పేరు జహంగీర్. నాన్న దగ్గర ఇరవై రెండేళ్లు కారు నడిపాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అయినా మా ఇంట్లో పిల్లలతో సహా అందరం పేరు పెట్టి ‘నువ్వు’ అనే పిలిచాం. కారు పోయింది, తర్వాత బంగళా పోయింది. మేము సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె ఇంటికి చేరాం. ఆ ఇంటి ముందు నిలబడి కూడా నన్ను ‘చిన్న సాబ్’ అన్నది అతనొక్కడే. ఆ మాట వింటే నా వీపు నిటారుగా అయ్యేది. ఇప్పటికీ అలాగే నడుస్తాను. చూసినవాళ్లు పొగరంటారు.

మోకాళ్లు అరిగి, రోజంతా బండి నడపలేని స్థితి వచ్చాక జహంగీర్‌కు ఇంకో పని దొరికింది. దాన్ని పని అనాలో మర్యాద అనాలో తెలియదు. మా చుట్టుపక్కల ఎవరు పాత కారు కొన్నా ముందు అతన్ని తీసుకెళ్లి చూపించేవారు. అతను ఊ అంటే కొనేవారు, ఊహూ అంటే తిరిగొచ్చేవారు. ఎవరైనా కారు కొన్నానని చెప్తే మొదటి ప్రశ్న ధర కాదు. “జహంగీర్ భాయ్ సూసిండా?” అదీ ప్రశ్న. పెళ్లి సంబంధానికి కూడా అంత వాకబు ఉండేది కాదు.

నేను కారు కొనాలనుకున్నప్పుడు సహజంగానే అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. తిరుమలగిరి దాటాక రోడ్డు పక్కన పాత కార్ల యార్డు. చిన్న కారు, తెల్లది, ఐదేళ్ల వయసు. దాన్ని చూసిన తొలి క్షణం ఇప్పటికీ కళ్లముందుంది. కడిగి ఎండలో ఆరబెట్టిన గిన్నెలా ఉంది. నేను నేరుగా వెళ్లి వెనక సీట్లో, ఎడమవైపు కూర్చున్నాను. మా వాళ్లు కారును ఎరిగింది ఆ సీట్లోంచే. మోకాళ్లు ముందు సీటుకు తగిలాయి. పరవాలేదనుకున్నాను. కొత్త సీటు కవర్లు, నిమ్మకాయ అత్తరు వాసన. తలుపు వేస్తే చప్పుడు మెత్తగా, మర్యాదగా పడింది. నాకు అది చాలింది. కారును వెనక సీట్లో కూర్చుని ఎంచుకునే మనిషి ఇంకెవరైనా ఉంటారా?

జహంగీర్ బానెట్ ఎత్తలేదు. ముందు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా, ఇక రాదనేదాకా లాగాడు. గోటితో గీకి వాసన చూశాడు.

“చిన్న సాబ్, జెర ఇటు రండ్రి. ఈ బండి మునిగింది.”

“ఎక్కడ మునిగింది?”

“మొన్నటి వానలకు ఏదో సెల్లార్ల మునిగుంటది. అంత కడిగిన్రు, గని బెల్టు ఎవ్వరు కడగరు సాబ్. లోపట సుట్టుకొని ఉంటది కద. సూడుండ్రి, మట్టి. వద్దు మనకు.”

బెల్టు చివర జానెడు మేర గోధుమరంగు గీత. నేను చూశాను. చూడలేదని అనలేను.

యార్డు మనిషి పకపకా నవ్వాడు. “ఏం సార్, బండి మీరు కొంటున్నరా, మీ డ్రైవర్ కొంటున్నడా? ముసలాయనకు మంచి బండి సూస్తె పరేషాన్ అయితున్నట్టుంది.”

“నీ బండి నువ్వు అమ్ముకో బిడ్డా,” అన్నాడు జహంగీర్. “నేను మా సాబ్‌తోని మాట్లాడుతున్న.”

ఆ నవ్వు నాకు తగిలింది. బెల్టు చివర మట్టి కంటే ఎక్కువగా తగిలింది. కొనేది ఎవరని అడిగాడు! పైగా యాప్రాల్‌లో మా చిన్నాన్న కొడుకు శ్రీధర్ గృహప్రవేశానికి సొంత కారులో వస్తానని అందరికీ చెప్పి ఉన్నాను. “నేను చూసుకుంటాలే జహంగీర్. నువ్వెళ్లి బయట నిలబడు,” అన్నాను. అతను బెల్టు వదలలేదు. చేత్తో పట్టుకునే మెల్లగా లోపలికి పంపి, అప్పుడు వెళ్లి బయట నిలబడ్డాడు. ఎండలో.

గృహప్రవేశం రోజు కారు నడపమని అతన్నే అడిగాను. నాకు డ్రైవింగు రాదని కాదు. దిగేటప్పుడు తలుపు ఒకరు తెరవాలి. అందుకు. నొప్పుల మోకాళ్లతో వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కారు గురించి ఒక్కమాట అనలేదు. యాప్రాల్‌లో గేటు ముందు దిగి, చుట్టూ తిరిగొచ్చి తలుపు తెరిచాడు. చుట్టాలందరూ చూశారు. ఆ అర నిమిషం నేను మా నాన్ననే.

భోజనాలయ్యాక మా మేనత్త తిరుమలగిరిలో దింపమంది. “మనింటి కారులో పోయి ఎన్నేండ్లయిందిరా,” అంటూ మురిసిపోతూ ఎక్కింది. జహంగీర్ ఏసీ వేశాడు. కుళ్లిన బురద వాసన గుప్పున వచ్చింది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కారు గేటు వాలు దగ్గర రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు. పట్టుబట్టలు కట్టుకున్నవాళ్లు నలుగురు వెనకనుంచి తోశారు. శ్రీధర్ వంగి కాళ్లకింద మ్యాట్ ఎత్తాడు. కింద ఎండిన మట్టి, పెచ్చులుగా.

“అన్నా, గిది వరదల మునిగిన బండి! ఎవరన్న సూసిన్రా కొనేటప్పుడు?”

అందరూ నావైపు తిరిగారు. మేనత్త, వియ్యాలవారు, మా సీతాఫల్‌మండి నుంచే వచ్చిన ఇద్దరు ముగ్గురు. జహంగీర్ స్టీరింగు ముందే ఉన్నాడు, అద్దం దించి ఉంది.

“జహంగీరే చూసి బాగుందన్నాడు.”

ఇదే ఆ మాట. ఇంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. వెతుక్కోను కూడా లేదు.

అతను ఒక్కసారి నావైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. తర్వాత అందరూ వినేట్టు అన్నాడు: “అవు సాబ్. గల్తీ నాదే. కండ్లు కనిపిస్తలేవు. మాఫ్ చెయ్యండ్రి.”

“డీలర్ దగ్గర ఎన్ని బిర్యానీలు తిన్నవ్ చాచా?” అన్నాడు శ్రీధర్. అందరూ నవ్వారు. నేను నవ్వానా? గుర్తులేదు. ఈ ‘గుర్తులేదు’ అన్నది కూడా ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

సాయంత్రం ఒంటరిగా పిలిచి ఏదో ఒకటి చెప్పవచ్చు కదా? మరునాడు శ్రీధర్‌కు ఫోన్ చేసి నిజం ఇదీ అనవచ్చు కదా? రోజూ అనుకున్నాను. ఇవాళ వద్దు, రేపు. రేపటికి ఆ మాట యాప్రాల్ నుంచి సీతాఫల్‌మండికి చేరిపోయింది, కారు కంటే వేగంగా. మూణ్నెల్లకు టీ కొట్టు దగ్గర ఎవరో పాత కారు మాట ఎత్తితే పక్కవాడు, “జహంగీర్‌కు సూపియ్యకు, సొంత సాబ్‌నే ముంచిండు,” అన్నాడు. నా చేతిలో టీ గ్లాసు ఉంది. తాగడం ముగించి ఇంటికి వచ్చాను.

అతన్ని పిలిచేవాళ్లు తగ్గారు. తర్వాత ఎవరూ పిలవలేదు. పొద్దంతా పంక్చర్ల కొట్టు బయట బల్ల మీద కూర్చునేవాడు. దారిన పోయే కార్ల చప్పుడు వింటూ ఉండేవాడు. నేను అటు వెళ్తే మోకాళ్లు పట్టుకుని లేచి సలాం చేసేవాడు. ఆ సలాం తప్పించుకోవడానికి చుట్టుతిరుగుడు దారి పట్టాను.

ఒకే ఒక్కసారి తెగించి ఇంటికి వెళ్లాను. మంచం మీద ఉన్నాడు. “జహంగీర్, ఆ రోజు యాప్రాల్‌లో...” అని మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

“బండి మంచిగ నడుస్తున్నదా సాబ్?”

కారు అప్పటికి రెండు నెలలుగా వీధిలో పట్టా కప్పుకుని పడి ఉంది. “నడుస్తోంది,” అన్నాను. తృప్తిగా తలాడించాడు. నమ్మాడని కాదు. నన్ను దాటించాడు, అంతే. గేటు వాలు దగ్గర దాటించినట్టే. నేను లేచి వచ్చేశాను. ఆ ఏడే పోయాడు. పోయిన మనిషిని కూడా ‘అతను’ అనే రాస్తున్నాను, చూశారా. చెయ్యి తిరగడం లేదు.

క్షమించమని ఎవరిని అడగాలి? మీరు క్షమించినా అది మీది కాదు, నాకు చెల్లదు. కానీ రాశాను. ఆయన ఊహూ అన్నారు, నేను కొన్నాను. ఆయన చూసి వద్దన్నారు. ఈ రెండు వాక్యాలు కాగితం మీద ఉన్నాయి. చదివినవాళ్లకు తెలుసు. ఇవాళ వీపు కొంచెం వంగింది, వంగితే నొప్పి తగ్గుతుందని ఇన్నాళ్లూ తెలియదు నాకు.

ఆ కారును మరుసటి ఏడు బాగుచేయించి, కడిగించి అమ్మేశాను. కొన్నది మా సందు చివర కొత్తగా అద్దెకు దిగిన మనిషి. చూపించడానికి ఎవరూ లేక ఒక్కడే వచ్చాడు, తలుపు వేసి చప్పుడు విన్నాడు, బెల్టు లాగి చూడలేదు.