మూడు జడల స్వెట్టర్

ఆ రోజుల్లో నేను ఎవరినీ ఏదీ తిరిగి అడిగేదాన్ని కాదు. పెళ్లయి కోరుట్లకు వచ్చిన కొత్త. అత్తగారింట్లో ఒక మాట అర్థం కాకపోతే, అర్థమైనట్టు తల ఊపి, వంటింట్లోకి వెళ్లి దాని సంగతి సొంతంగా ఊహించుకోవడమే మర్యాద అనుకునేదాన్ని. (ఇప్పుడు మా ఇంట్లో నేను అడగని ప్రశ్న లేదు. ఆ బాధ ఎట్లాంటిదో మా ఆయన చెప్పాలి.) ఆ తల ఊపడాల పుణ్యాన, బతుకమ్మ పండగ దాటి పొద్దున పూట చలి మొదలైన రోజుల్లో, నా ఒళ్లోకి మెరూన్ రంగు ఊలు ఉండలు, రెండు పొడుగు సూదులు, మూడు జడల స్వెట్టర్ బొమ్మ ఒకటి వచ్చి పడ్డాయి.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ సాంచాల చప్పుడులోనే పుట్టి పెరిగాను కానీ, ముట్టుకుంటే దారం తెగుతుంది కాబట్టి ముట్టుకోవద్దన్నదొక్కటే నాకు వచ్చిన నేతపని. బడిలో ఉన్నప్పుడు ఎప్పుడో గుమ్మానికి ఒక ఊలు తోరణం అల్లాను, అదీ సగం. మా సంబంధం కుదిర్చిన జగిత్యాల పెద్దమ్మ పెళ్లిచూపులనాడు ఆ సగం తోరణాన్ని పట్టుకుని, మా పిల్లకు ఊలు అల్లుడంటే పానమని అందరిముందు చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదనుకున్నాను. మా అత్తమ్మ పట్టించుకుంది. ఏదో పెళ్లికని జగిత్యాల పోయినప్పుడు పెద్దమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి, ఊలు కొనుక్కొచ్చి, చలికాలం వస్తున్నది కదా బిడ్డా అని నా ఒళ్లో పెట్టింది. మా మామ పొద్దున్నే మంచులో వాకిట్లో తిరుగుతూ దగ్గడం నేను చూస్తూనే ఉన్నాను. స్వెట్టర్ ఆయనకేనని అర్థం చేసుకుని తల ఊపాను.

ముందువైపు నిలువునా మెలితిరిగే జడల అల్లిక లేని స్వెట్టరైతే ఎట్లాగో గట్టెక్కేదాన్నేమో. ఫోన్‌లో వీడియో పెట్టుకున్నాను. అందులో ఒక మేడమ్ హిందీలో ఉల్టా, సీదా, ఉల్టా, సీదా అంటూ కందిపప్పు ఏరినంత సులువుగా అల్లేస్తోంది. జడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొన్ని కుట్లను ఇంకో చిన్న సూదికి ఎక్కించి పక్కన వేలాడదీయాలట, వాటి తర్వాతివి అల్లాలట, ఆ తర్వాత మళ్లీ వేలాడేవాటి దగ్గరికి రావాలట. మూడో సూది నా దగ్గర లేదు. అరుగు మీద బీడీలు చుడుతున్న అత్తమ్మను అడిగి, బీడీ మూతి మలిచే ఇనుప పుల్ల తెచ్చుకున్నాను. (ఆ పుల్ల పోయిన రోజుల్లో అత్తమ్మ బీడీల మూతులు ఎట్లా మలిచిందో నేను అడగలేదు.)

మేడమ్ ఏదో "ఆగే" అంటుంటే మా ఆయన్ని అడిగాను. ముందు అని చెప్పాడు. ముందు అంటే ముందువైపా, మొదట చేయమనా? ఆయన కాసేపు ఆలోచించి, రెండూ కావచ్చన్నాడు. ఆయనకు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉండేది. ఇదీ వైండింగ్ లాంటిదే, ఒక్క చుట్టు తప్పితే మొత్తం ఇప్పుకోవాలని ధైర్యం చెప్పి వెళ్లిపోయాడు.

మొదటి జడ కుడికి తిరిగింది. రెండోది ఎడమకు తిరిగింది. మూడోది కొంతదూరం ఎటూ తిరగకుండా పోయి, ఉన్నట్టుండి ముడి పడింది. అన్నం వారుస్తూ ఉల్టా సీదా, బట్టలు ఆరేస్తూ ఉల్టా సీదా. చారులో ఉప్పు వేశావా అని అత్తమ్మ అడిగితే, రెండు ఉల్టా వేశానన్నాను. ఆమె ఉప్పు డబ్బా తన దగ్గరే పెట్టుకుంది. అల్లిన ముక్కను మాత్రం రోజూ చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, మంచిగున్నదనేది. బీడీలు చుట్టడానికి వచ్చే పక్కింటామె, ఇది దూడకు కప్పుతారా అని అడిగింది. వెటకారానికి కాదు, తెలుసుకుందామనే.

ఒకరోజు పొద్దున మూడో జడను మళ్లీ విప్పుతుంటే, దారం దారంలోకి దూరి, ఏ కొస ఎక్కడిదో తెలియని స్థితికి వచ్చింది. ఏడుపు వచ్చి, సిరిసిల్లకు మా బాపుకు ఫోన్ చేశాను. ఆయన సాంచాల మధ్య ఉన్నాడు. ఆ చప్పుడులో నా గొంతు వినపడాలని గట్టిగా, ముక్కు ఎగబీలుస్తూ చెప్పాను.

"అల్లుడు నాతోని కాదు బాపు. ఇడిసిపెడుతున్న."

మా దిక్కు తినడాన్ని తినుడు అంటాం, పడుకోవడాన్ని పండుడు అంటాం, అల్లడాన్ని అల్లుడు అంటాం. అంతకంటే నేనేమీ అనలేదు. అవతల బాపు సరే బిడ్డా అని పెట్టేశాడు. చెప్పుకున్నందుకు మనసు తేలికై, చారు పెట్టడానికి లేచాను. ఈసారి ఉప్పు అత్తమ్మే వేసింది.

పొద్దు గూకే వేళకు వాకిట్లో బాపు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద పనిబట్టలే, చొక్కా నిండా నూలు పోగులే. వెనకాల, జగిత్యాల నుంచి వచ్చిన పెద్దమ్మ. అత్తమ్మ సంబరపడి చాయ పెట్టబోయింది. బాపు వద్దన్నాడు. దాంతో సిరిసిల్లలో ఎవరికో ఏదో అయిందనుకుని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కొంగు చూసి, తప్పు ఒప్పుకుంటున్నదనుకుంది పెద్దమ్మ. మామ దగ్గడం కూడా ఆపేశాడు. అప్పుడే దుకాణం నుంచి వచ్చిన మా ఆయన నవ్వుతూ చెప్పులు విడవబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఒక చెప్పుతోనే ఆగిపోయాడు. పెద్దమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, కొత్త కాపురమన్నప్పుడు ఇద్దరూ ఓర్చుకోవాలని మొదలుపెట్టింది. ఆయన బుద్ధిగా వింటున్నాడు, దేనికో మాత్రం తెలియదు.

"ఏమైంది బాపు?" అన్నాను.

"నువ్వే అంటివి గద బిడ్డా. అల్లుడు నాతోని కాదు, ఇడిసిపెడుతున్న అని."

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన ముఖం అట్లా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

"నిజంగనే అన్నవా?" అని మెల్లగా అడిగాడు.

అన్న మాటే కదా అని నేను తల ఊపాను.

 అప్పుడు నాకు మెదడులో ఎక్కడో ఒక కుట్టు జారినట్టయి, లోపలికి పరుగెత్తి ఆ మెరూన్ ముక్కను, సూదులను, ఇనుప పుల్లను పట్టుకొచ్చి బాపు ముందు పెట్టాను.

"గిది బాపు. గీ అల్లుడు."

మొదట నవ్వింది అత్తమ్మ. కూర్చోలేక గోడ పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే మిగతా చిక్కులూ విడిపోయాయి. స్వెట్టర్ మామకు కాదట. ఊలు తగిలితే ఆయనకు ఒళ్లంతా దురద. కొత్త పిల్ల పుట్టింటి మీద బెంగపడకుండా, ఇష్టమైన పని ఏదో చేసుకుంటుందని తెచ్చిందట. ఆమె నా కోసం, నేను ఆమె కోసం. మధ్యలో ఎవరికీ అక్కర్లేని మూడు జడలు. మొగుణ్ని ఏ ఆడపిల్లా అల్లుడని అనదు కదా అన్న సంగతి, అందరూ చాయలు తాగాక గానీ ఎవరికీ తట్టలేదు. మా ఆయన మాత్రం ఆ సాయంత్రమంతా నా పక్కనే కూర్చుని, చిక్కుపడ్డ ఊలును కొస వెతికి విప్పుతూనే ఉన్నాడు.

తెల్లారి బాపును బస్సెక్కించడానికి మా ఆయనా నేనూ వెళ్లాం. ఆయన టికెట్టుకు చిల్లర కోసం పక్కకు పోయినప్పుడు నేను బాపును దెప్పాను. పెద్దమ్మంటే సర్దిచెప్పడానికి వచ్చింది, నువ్వు ఒక్క మాటా అనకుండా కూర్చున్నావేంటని. బాపు చొక్కాకు అంటిన పోగులు ఏరుకుంటూ అన్నాడు.

"నేను సర్దిచెప్ప రాలేదు బిడ్డా. ఎనుక అర్రల నూలు మూటలు తీపిచ్చి, నీ మంచం ఏసి అచ్చిన."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నాకు నవ్వు వచ్చింది, ఇంటిదాకా నవ్వుకుంటూనే నడిచాను. తర్వాత చాలా ఏళ్లు ఈ కథను అల్లుడి దగ్గరే ఆపి చెప్పేదాన్ని, మంచం సంగతి చెప్పేదాన్ని కాదు.

కొన్నాళ్లకు అమ్మ ఫోన్‌లో విసుక్కుంది. మూటలన్నీ నడింట్లోనే ఉన్నాయట, కాలు పెట్టే సందు లేదట, వెనక గదిలో మళ్లీ సర్దమంటే బాపు వినడం లేదట, మంచం అట్లాగే ఉండనీ అంటున్నాడట. అది విని ఆనాటి నేను ఏమనుకున్నానో తెలుసా? బాపుకు ఇంకా సంగతి సరిగా అర్థం కాలేదేమో అనుకున్నాను. వెంటనే ఆయనకు ఫోన్ చేసి, ఊలు అంటే ఏమిటో, సూదులు ఎట్లా ఉంటాయో, నేను అన్నది ఏ అల్లుడో మొదటి నుంచి విడమరిచి చెప్పాను. ఆయన సాంచె బంద్ చేసి మరీ, ఓపిగ్గా, చివరిదాకా విన్నాడు.