దుపోన్ వారి మైల

ఇంటిపేర్ల పుట్టుక, వలస, గడువు ముగింపు మొదలైన వ్యవహారాలను ఏ శాఖ చూస్తుందో ఎంత విచారించినా తెలియలేదు. కనుక ఈ విన్నపాన్ని ఆ శాఖాధికారులకు, వారు సీటులో లేని పక్షంలో వారి కుర్చీలకు సవినయంగా సమర్పిస్తున్నాను. పాఠకులు తమకు దీని నకలు ముట్టినట్టుగా భావించగలరు.

విషయం: వాట్‌గంజ్‌లో మా ఎదురింటి మావయ్య గత గురువారం ఉదయం పోయారు. ఆయనతో పాటు, మాకు తెలిసినంత వరకు, కలకత్తాలో దుపోన్ అనే తెలుగు ఇంటిపేరు కూడా పోయింది.

తెలుగు ఇంటిపేరు అని తెలిసే రాశాను. ఫ్రాన్సులో వంతెన పక్కన కాపురమున్న వాళ్ళను చుట్టుపక్కల వారు ‘వంతెన దగ్గరివాళ్ళు’ అన్నారు. దుపోన్ అంటే అదే. ఆ పేరు గలవాడొకడు ఓడెక్కి, ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో దిగి, బట్టల వ్యాపారంలో గుమాస్తాగా కుదిరి, ఒక తెలుగమ్మాయితో కాపురం పెట్టి, జ్వరమొచ్చి పోయాడు. పిల్లలు అమ్మమ్మ ఇంట్లో పెరిగారు. మొదటి తరంలో భాష పోయింది, రెండో తరంలో టోపీ పోయింది. పేరు మాత్రం మిగిలింది. తెలుగువాడికి పేరుకు ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి గనుక, ఫ్రాన్సులో చివర నడిచిన మాట యానాంలో ముందుకొచ్చి నిలబడింది. మావయ్య తాత ఆ పేరుతోనే కాకినాడ రేవు వదిలి ఖిదిర్‌పూర్ రేవుకు కూలిపనికి వచ్చాడు. ఇదంతా మావయ్య చెప్పినదే. ఆధారాలు అడిగినవారికి ఆయన టీ ఇప్పించేవారు.

ఆయన ముఖంలో ఫ్రాన్సు జాడ కోసం వెతికినవారు నిరాశతో వెనుదిరిగారు. అయితే ఆయన పావురొట్టె టీలో ముంచుకుని తినేవారు. “రక్తం ఎక్కడికి పోద్ది!” అని వీధి వీధంతా ఆశ్చర్యపోయేది, తన రొట్టెను తన టీలో ముంచుకుంటూ.

ఓడలు లోపలికి వచ్చేటప్పుడు రేవు వంతెనను తెరుస్తారు. అప్పుడు రోడ్డుకు అడ్డంగా గొలుసు లాగి, ఎర్రజెండా పట్టుకుని నిలబడడం మావయ్య ఉద్యోగం. ఆ రోజుల్లో ఎర్రజెండాల ఊరేగింపులు తరచు అటుగానే వచ్చేవి. బెంగాల్‌లో ఎర్రజెండా పార్టీ పాలన సాగిన దీర్ఘకాలంలో ఎర్రజెండాను ఎర్రజెండా చూపి ఆపగలిగిన వ్యక్తిగా నేను ఎరిగినది ఆయన ఒక్కరినే. నినాదాలు ఆగేవి. ఓడ నింపాదిగా వెళ్ళేది. “ఓడకి తొందరుండదురా, బాబూ” అనేవారు. “అందుకే అంత దూరం ఎల్తాది.”

ఒక ఆదివారం రేవు యూనియన్‌వాళ్ళు వనభోజనానికని మా వీధివాళ్ళను చందన్‌నగర్ తీసుకువెళ్ళారు. అది కూడా ఒకప్పుడు ఫ్రెంచివారి ఊరే. అప్పటికి విశ్వవిద్యాలయంలో చదువుతున్న నేను మావయ్య వెంట పాత సమాధుల తోటలోకి నడిచి, నాచు పట్టిన ఒక రాతి మీది పేరు పైకి చదివాను.

“ఏటన్నావు? మళ్ళీ సదువు.”

చదివాను. దుపోన్. నావికుడు. చిన్న వయసులోనే, రెండువందల ఏళ్ళ కిందట పోయాడు.

“పెళ్ళాం పిల్లలు?”

“ఏమీ రాయలేదు, మావయ్యా.”

ఆయన చెప్పులు విడిచారు. సరాసరి ఘాట్ మెట్లు దిగి, చొక్కాతో సహా గంగలో మునిగి లేచారు. ఒడ్డెక్కి తుడుచుకోకుండా నిలబడ్డారు. యూనియన్ కార్యదర్శి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

“ఆరే దాదా, కీ హోలో?” ఏమైందని.

“కాకా మారా గేఛే.” చిన్నాన్న పోయాడు.

“కబే?” ఎప్పుడని.

“ఆజ్ ఖబర్ పేలామ్.” కబురు ఈరోజే అందింది.

కార్యదర్శి తలవంచాడు. కార్మికుల తరఫున రెండు నిమిషాలు మౌనం పాటించిన తరువాతే మాంసం వడ్డన జరిగింది. మావయ్య ముట్టలేదు.

ఇంటిపేరు ఒకటైతే మైల ఒకటే అన్నది మన నిబంధన. ఆయన దానిని తుచ తప్పకుండా అమలు చేశారు. అత్త అభ్యంతరం లేవదీసింది.

“ఎప్పుడో సచ్చినోడికి తానం సేత్తే సాలదేటి? పది దినాలు సప్పిడి కూడు ఎవులొండుతారు?”

“ఆడికి ఎవులూ మైల పట్టినేదే. ఓడోళ్ళు పాతేసి ఎలిపోనారు. కబురు మనకి ఇయాలే వచ్చినాది. వచ్చిన కాడ్నుంచే లెక్క.”

అత్త గొణిగింది. గొణుగుతూనే పది రోజులూ తిరగమోత లేని కూర వండింది.

నేను ఊరుకోలేదు. గ్రంథాలయంలో చూసి వచ్చి, గడ్డం మాసిన ఆయనకు శాస్త్రం వినిపించాను: ఫ్రాన్సులో వంతెనలు అనేకం, ఒక్కొక్క వంతెన పక్కనా ఒక్కొక్క దుపోన్ కుటుంబం పుట్టింది, వాళ్ళకు చుట్టరికం లేదు.

“మనోళ్ళ ఇంటిపేర్లూ ఊర్ల పేర్లే గదేటి? ఊరి పేరెట్టుకున్నోళ్ళందరూ ఒక్కమ్మకే పుట్టీనారా? అయినా పిల్లనిచ్చుకోరు గదా.” అక్కడితో నా పరిశోధన ముగిసింది.

కాసేపటికి మళ్ళీ ఆయనే అన్నారు. “ఆడికైతే నానున్నాను. నాకెవులు పడతార్రా? ఆడపిల్లలిద్దరూ ఏరే ఇంటిపేర్లకి ఎలిపోనారు.”

“నేను పడతాను, మావయ్యా.”

ఆయన నవ్వారు. “నీ ఇంటిపేరేటి, నా ఇంటిపేరేటి? నాకేదో మంచి సెయ్యాలని రూలు మార్సీకు.”

అత్త ఆయన కన్నా ముందే వెళ్ళిపోయింది. గత గురువారం వీధి పెద్దలు ఆనవాయితీ ప్రకారం గుమ్మంలో నిలబడి అడిగారు: “ఇంటిపేరోళ్ళు ఎవులున్నారు?” ఆ పేరుతో ఎవరూ లేరు. పెళ్ళయిన ఆడపిల్లలకు మూడు రోజులే. కూతుళ్ళిద్దరూ ఆ మూడు రోజులూ పాటించి, కళ్ళు తుడుచుకుంటూ తమ తమ ఇంటిపేర్లలోకి తిరిగి వెళ్ళారు. నాలుగో రోజు ఆ ఇంట్లో మైల పట్టడానికి మనిషి లేడు. నేను ఎదురింట్లో అద్దం ముందు కూర్చుని, నిబంధన ప్రకారం గడ్డం గీసుకున్నాను. ఆయన మాట తీసెయ్యలేకపోయాను.

కావున, ఈ కిందివిధంగా నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

డిమాండ్ నం. 1 (నం. 2 లేదు): దుపోన్ ఇంటిపేరు గలవారు ఏ దేశంలో, ఏ వంతెన పక్కన ఉన్నప్పటికీ, ఈ కబురు అందిన రోజు నుంచి మా మావయ్యకు మైల పట్టవలెను. కబురు చేరడానికి రెండువందల ఏళ్ళు పట్టినా మాకు అభ్యంతరం లేదు. పది రోజులూ వీలుపడనివారు దగ్గరలో ఉన్న నదిలోకి దిగి, వేసుకున్న చొక్కాతోనే ఒక్క మునక వేసి, ఒడ్డెక్కి, నీళ్ళు కారుతుండగా, తుడుచుకోకుండా కాసేపు అలా నిలబడినా చాలును.