ఆమె జవాబు

మంచిర్యాల బస్టాండులో చక్కెర వద్దన్నా చాయ్‌లో వేసి, "తక్కువే వేసిన" అని ఓదారుస్తారు. ఓసారి అలాంటి చాయ్ తాగుతూ, పక్కన కూర్చున్న ఒక పెద్దమ్మ ముందు మండిపడ్డాను.

భార్యాభర్తల ప్రేమ మీద మా సారు పరిశోధన. ఆడపిల్లను చూస్తే భార్యలు నోరు విప్పుతారని నన్ను ఇల్లిల్లూ తిప్పాడు. విప్పారు, భర్తలు. "దగ్గరికొచ్చే ముందు మీ ఆయన మీ ఇష్టం అడుగుతాడా?" అని భార్యను అడిగితే, ప్రతి ఇంట్లో మొగుడే అందుకుని, "అడుగుత, రాసుకో" అన్నాడు. ఆమె నేల చూసింది.

"ఆమెను మాట్లాడనిస్తేగా పెద్దమ్మా! ఏం మనుషులో."

"మరి ఆమె జవాబు కాడ ఏం రాసినవ్?"

"అడుగుతడనే రాసిన."

పెద్దమ్మ నా కాగితాల కట్ట వైపు చూసింది.

"ఆయన జెప్పిండు, నువ్వు రాసినవ్. మీరిద్దరు ఒక్కటే గదనే, బిడ్డా."