చేతిసంచి ఎవరి చేతిలో ఉండాలి

ఉత్తరధ్రువం దాపు దేశంలోని ఔలు పట్టణంలో మంచు తోసే బండి నడిపిన తొలి తరం ఆడవాళ్ళలో సైమి కర్హులా ఒకతె. ఊరు లేవకముందే వీధులు తీర్చిపెట్టడం ఆమె పని. ఒక వసంతంలో ఇంటికప్పు మీది మంచుగడ్డ జారి ఆమె నెత్తిన పడింది. పుర్రె అతుక్కుంది గాని మూర్ఛ మిగిలిపోయింది. మొదటిసారి మూర్ఛ వచ్చిన వారంలోనే, ఎవరూ అడగకముందే, పోలీసు ఠాణాకు వెళ్ళి డ్రైవింగ్ లైసెన్సు బల్ల మీద పెట్టి వచ్చింది. చట్టం వచ్చి అడిగేదాకా ఆగడం కూడా ఆమె లెక్కలో ఎగవేతే. అలాంటి మనిషిని బాధ్యత లేని ప్రయాణికురాలిగా ఒక విమాన సంస్థ రాతపూర్వకంగా తేల్చింది.

లైసెన్సు పోయాక ఆమె బతుకంతా మందుల చుట్టూ తిరిగింది. మందుల దుకాణంలో యంత్రమే పూటకొక పొట్లం కట్టి, దాని మీద పేరూ మందూ వేళా అచ్చువేసి, బస్సు టిక్కెట్ల చుట్టలా చుట్టి ఇస్తుంది. పొద్దుటిది పొద్దున, రాత్రిది రాత్రి చింపుకోవడమే. రెండు పూటలు తప్పితే ఆమె ఒళ్ళు ఆమె మాట వినదు.

చెల్లెలు ఇంకెరి స్కాట్లండులోని అబర్డీన్‌లో ఉంటుంది. ఏటా వసంతంలో ఒకసారి, నవంబరులో ఒకసారి సైమి అక్కడికి వెళ్తుంది. మందులు చేతిసంచిలోనే పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు, దుకాణంలో చెప్పారు, విమాన సంస్థ నిబంధనల్లోనూ ఉంది. సైమి అలాగే చేసింది. నిరుడు నవంబరులో మందులను ఒక గుడ్డసంచిలో వేసి భుజాన తగిలించుకుని, చక్రాల చిన్నపెట్టె లాక్కుంటూ తమ దేశ రాజధానిలో విమానం మారడానికి గేటు దగ్గర నిలబడింది.

మనిషికి ఒక్కటే సంచి అని అక్కడి ఉద్యోగి ఆపాడు. గుడ్డసంచిని పెట్టెలో పెట్టించాడు. ఆమె పెట్టింది. వరుస నాలుగడుగులు కదిలాక, విమానంలో చోటు లేదు కనుక చక్రాల పెట్టెలన్నీ కింది సామాన్ల అరలోకి పోవాలని అదే ఉద్యోగి చెప్పాడు. అందులో మందులున్నాయని ఆమె గొణిగింది. అయితే తొందరగా తీసుకోమన్నాడు. తీయాలంటే అందరి ముందూ నేల మీద పెట్టె తెరవాలి, పైనున్న లోదుస్తులు తొలగించాలి, వెనక ఇంతమందిని నిలబెట్టాలి. ఆ దేశంలో వరుసను ఆపడం దొంగతనం కంటే ఓ మెట్టు మాత్రమే తక్కువ తప్పు. ఎవరూ ఎవరినీ తాకరు, ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆ మౌనమే వీపు మీద బరువై కూర్చుంటుంది. ఆమె పెట్టె ఇచ్చేసింది.

అబర్డీన్‌లో ఆమె దిగింది, పెట్టె దిగలేదు. అది శనివారం. ఆ రకం మందును పరాయిదేశపు డాక్టరు చీటీ మీద ఇవ్వడానికి వీల్లేదని అక్కడి దుకాణం వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆదివారం రాత్రి చెల్లెలి వంటింటి నేల మీద సైమి పడిపోయింది. నాలుక తెగింది, భుజం కీలు జారింది.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఏడుపూ కోపమూ కలగలిపి ఇంకెరి అడిగింది.

"అక్కా, నీ నోరు ఎక్కడ పారేసుకున్నావే? ఇంత పొడుగు బండి తోలినదానివి, ఇవ్వను అనే ఒక్క మాట తోలలేకపోయావా?"

"వెనక జనం ఉన్నారే," అంది సైమి, తెగిన నాలుకతో.

"ఆ జనమే వచ్చారా నిన్ను ఎత్తడానికి?"

సైమి విమాన సంస్థకు ఫిర్యాదు పంపింది. మందులను చేతిసంచిలో ఉంచుకోవలసిన బాధ్యత ప్రయాణికులదేనని, ఆమె దాన్ని పాటించలేదని జవాబు వచ్చింది. చేతిలోని సంచిని లాక్కున్నవాడే చేతిలో ఎందుకు ఉంచుకోలేదని నిలదీశాడన్నమాట. ఆ వాక్యం రాసినవారికి చదువుంది, జీతముంది, సంతకముంది. ఒక్క సిగ్గే లేదు.

ఈ వసంతంలో ఇంకెరి పెళ్ళి చేసుకుంటోంది, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, పడవలకు రంగులు వేసే, భార్య పోయిన ఒకాయన్ని. పెళ్ళికి సాక్షి సంతకం సైమిది. ఆమె దిగిన మర్నాడు పొద్దున్నే పెళ్ళి; ఈ విమానం తప్పితే సంతకం లేదు. అదే గేటు. ఈసారి ఆమె గుడ్డసంచి తేలేదు. మందులతో సహా అంతా ఒకే పెట్టెలో సర్దుకుంది.

వేరే కుర్రాడు నవ్వుతూ చెయ్యి చాచాడు. పెట్టె కింది అరలోకి పోవాలన్నాడు.

"ఇందులో మూర్ఛ మందులున్నాయి బాబూ. ఇది నా దగ్గరే ఉండాలి."

"మందులు మాత్రం తీసి ఒక కవరులో వేసుకోండమ్మా."

"అప్పుడు నా దగ్గర రెండు సంచులవుతాయి. నిరుడు ఇక్కడే, రెండు కూడదని ఒకటి చేయించారు. ఒకటి చేశాక దాన్ని తీసుకున్నారు. ఇప్పుడు మళ్ళీ రెండు చేయమంటున్నావు. నేను ఏ నిబంధన తప్పాలో నువ్వే చెప్పు, అదే తప్పుతాను."

కుర్రాడి నవ్వు సగంలో ఆగింది. "రెండూ నిబంధనలేనమ్మా."

"రెండూ పాటిస్తే నేను నేల మీద పడతాను. ఒకసారి పడ్డాను."

వెనక వరుస బిగుసుకుంది. టోపీ పెట్టుకున్న ఒకాయన గొంతు సవరించుకున్నాడు. సైమి చెవులు ఎర్రబడ్డాయి.  అయినా పెట్టె పిడి వదల్లేదు. కుర్రాడు మరింత మెల్లగా, పెట్టె ఇవ్వకపోతే విమానం ఎక్కించడం కుదరదని చెప్పాడు. చెల్లెలి పెళ్ళి ఆమె కళ్ళ ముందు ఒకసారి మెరిసి మాయమైంది.

ఆమె వెనక్కి తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది కొత్తవాళ్ళ ముందు ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"మిమ్మల్ని నిలబెట్టినందుకు సిగ్గుగానే ఉంది. కానీ ఇది ఇవ్వను."

 టోపీ ఆయన, నేలనే చూస్తూ, "నిలబడతాం లెండి," అన్నాడు. అంతే. ఆ వరుసలో ఆ రెండు మాటలే పెద్ద ఊరేగింపు.

కుర్రాడు పై అధికారికి ఫోను చేశాడు. సైమికి వినబడినంత వరకు ఆ సంభాషణలో మూర్ఛ ప్రస్తావన లేదు, మందుల ప్రస్తావన లేదు, నిరుటి వంటింటి నేల ప్రస్తావన అసలే లేదు. విమానం ఆలస్యమైతే కట్టవలసిన జరిమానా గురించే మాట్లాడుకున్నారు. ఆమె రోగానికి లొంగని సంస్థ గడియారానికి లొంగింది. హక్కుగా దక్కవలసినది ఆమెకు ఆ వేళ వాళ్ళ తొందర వల్ల దక్కింది. దీన్ని గెలుపు అనడం అబద్ధం.

కుర్రాడు ఫోను పెట్టేసి, దయ చూపిస్తున్న గొంతుతో అన్నాడు.

"సరేనమ్మా, వెళ్ళండి. ఈ ఒక్కసారికి."

సైమి గుమ్మం దాటబోయి ఆగింది. వెనక అంత జనం ఉన్నా ఆగింది.

"ఒక్కసారికి కాదు బాబూ. నవంబరులో మళ్ళీ వస్తాను. అప్పుడూ నాకు మూర్ఛ ఉంటుంది."