యాంజ్మా చలికాలం కోళ్లు

టీ తాగడానికి కూర్చుంటే చాలు, తాతల గుర్రాల సంగతే అడుగుతారు. ఏ గుర్రం ఏ పందెం గెలిచిందో కావాలి మీకు. మా తోడికోడలు యాంజ్మా ఎలా బతికిందని ఒక్కళ్లయినా అడిగారా? అడగరు. కోళ్లు పెంచిన మనిషి కదా, చిన్నతనం మీకు!

ఆ ఏడు మేత మీద మంచు గడ్డకట్టి గొర్రెలన్నీ నిలబడ్డచోటే చచ్చాయి. యాంజ్మా ఏడవలా. తోళ్లు ఒలిచింది, చేతులు కడుక్కుంది. మా బావగారు లువ్‌సాన్ "పట్నం పోయి బొగ్గు మోద్దాం" అన్నాడు. ఈవిడ వేసవిలో సంతకెళ్లి గంపెడు పెట్టల్ని తెచ్చింది.

"ఏంటే ఇవి? పాలిస్తాయా, బొచ్చిస్తాయా? ఎక్కి తిరుగుతావా?"

"గుడ్లు పెడతాయయ్యా. సంత దగ్గరి వంటశాల వాళ్లు తీసుకుని పిండి ఇస్తారు. చలికాలం కూడా పెడితే ఇక్కడే ఉందాం. పెట్టకపోతే కొత్తేడాది తెల్లనెల పండగవగానే లారీ పిలువు, గుడారపు ఇల్లు మడిచి ఎక్కిద్దాం."

ఉమ్మితే రాయై పడే చలి వచ్చింది. పెట్టల్ని మంచం కింద పెట్టి, పొగ పోడానికి, వెలుగు రాడానికి ఇంటి నడినెత్తిన ఉన్న కంతని కంబళితో పగలూ రాత్రీ మూసేశాం. అంతే, గుడ్లు ఆగిపోయాయి.

పిల్లని రానివ్వని తల్లిగొర్రెకి పాడతాం చూడు, మనసు కరిగి పాలిచ్చేదాకా, ఆ పాట యాంజ్మా కోళ్లకి పాడింది. రోజూ పాడింది. గొర్రెలు పోయాక లువ్‌సాన్ నవ్వింది అప్పుడే. "గొర్రెకి సిగ్గుంటుందే. వీటికేముంది?"

ఓ పొద్దున పొగ కమ్మితే యాంజ్మా కంబళి కాస్త లాగింది. నేలమీద గిన్నెంత ఎండ పడింది. పెట్టలన్నీ మంచం కిందనుంచి వచ్చి ఆ ఎండలోనే ఇరుక్కున్నాయి. ఎండ జరిగితే అవీ జరిగాయి. యాంజ్మా చూస్తూ కూర్చుంది. ఆ రోజునుంచీ పొద్దున్నే కంత తీసి, పొద్దుగూకాకే మూసేది.

"పొయ్యితో ఆకాశాన్ని వెచ్చబెడుతున్నావా?" అని అరిచాడాయన.

"ఇంకో కోటు తొడుక్కో."

చారు గిన్నెలోనే గడ్డకట్టేది. మా అందరికీ పెదాలు పగిలాయి. పండగ ముందు ఓ పెట్ట గుడ్డు పెట్టింది, తర్వాత ఇంకోటి. యాంజ్మా వాటిని ఆయన అరచేతిలో పెట్టింది. పండగయ్యాక, ముందే చెప్పిపెట్టిన లారీ వస్తే ఆయన డ్రైవరుకి టీ పోసి పంపేశాడు.

"సంతోషమేనా అక్కా?" అన్నా.

"చలికి చేతులు తెలీటం లేదే" అంది.

యాంజ్మా ఆ చోటు వదల్లేదు. అక్కడే పోయింది. అప్పటికి ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు.