జాలారిలో కొత్త నల్లా

పందొమ్మిది వందల ఎనభై ఏడు ఎండాకాలంలో సిరిసిల్లలోని దశరథం ఇంటికి మున్సిపాలిటీ పైపు వచ్చింది. స్నానాలు చేసే జాలారి దాకా వచ్చి, నల్లా లేకుండా ఆగిపోయింది. పైపు మూతికి గుడ్డ చుట్టిన కర్రముక్క దిగ్గొట్టి పోయారు. పొద్దున గంటసేపు నీళ్లు వదిలినప్పుడల్లా అది ఊడిపడేది, జాలారి పొంగి వంటింట్లోకి వచ్చేది. దశరథం భార్య అనసూర్యకు ఆ నీళ్లు ఎత్తిపోయడంతోనే తెల్లవారేది.

ఆమెకు మిగతా పనీ తక్కువ కాదు. అత్త ఐలవ్వకు మోకాళ్లు పట్టేసి నాలుగేళ్లయింది. బావి నుంచి నీళ్లు మోసుకొచ్చి, ఆమెకు స్నానం చేయించి, ఆ తర్వాత రాట్నం ముందు కూర్చొని మరమగ్గాలకు నూలు కండెలు చుట్టాలి. పదమూడో ఏట పట్టిన రాట్నం అది. ఇరవై ఏళ్లుగా ఆ చేయి ఆగలేదు.

కరీంనగర్ నుంచి దశరథం తెచ్చిన రెండు ఇత్తడి నల్లాలు నెలరోజులుగా గూట్లోనే ఉన్నాయి. పైపుల పనిచేసే రాములు ఎప్పుడు కనబడ్డా రేపు పొద్దున వస్తానంటాడు. ఆ రేపు రాదు. చివరికి, షెడ్డులో సాంచ అనే మరమగ్గం నడిపే దశరథమే పానా పట్టుకున్నాడు.

“సాంచనే ఇప్పి మల్ల బిగిస్త. గీ నల్లా ఎంత?” అన్నాడు.

నల్లా మరలకు జనపనార చుట్టి, సఫేదా అనే తెల్ల లప్పం పూసి బిగించాడు. మర్నాడు నీళ్లు రాగానే అతుకు దగ్గర చిమ్మి, పీట మీద కూర్చున్న ఐలవ్వ మొహాన కొట్టాయి. రెండోసారి నార ఎక్కువ చుట్టాడు. ఇంకా ఎక్కువ కారింది. మూడోసారి పానా మీద వేలాడినంత పనిచేస్తే నల్లా మెడ పగిలింది. దుకాణం వాణ్ని, పైపు మరలను, మున్సిపాలిటీని వరసగా తిట్టాడు. రాములును పిలుద్దామని అనసూర్య అంటే, అలిగి అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మిగిలిన నల్లా పట్టుకొని నాలుగోసారి కూర్చున్నప్పుడు ఆమె పక్కనే నిలబడి చూసింది. విప్పిన ప్రతిసారీ నార మరల్లో ఉండటం లేదు, పైకి తోసుకొచ్చి మెడ దగ్గర ఉండలా పేరుకుంటోంది. అతను చుట్టే చేతిని చూడగానే ఆమెకు ఒళ్లు మండింది.

“ఉల్టా చుడుతున్నవ్. నల్లా తిప్పుతుంటే నార ఇప్పుకొని మీదికొస్తంది. ఇటియ్యి.”

“నీకేం తెలుసు పైపుల పని?”

“పైపుల పని తెల్వదు. దారం ఏ దిక్కు చుట్టాల్నో తెల్వదా నాకు? ఇరవయేండ్ల సంది అదే జేస్తున్న గదా.”

దశరథం పానా కింద పెట్టి బయటికి పోయాడు.

అనసూర్య పాత నారంతా గీకి పారేసింది. నల్లా బిగిసే దిక్కుకే పలుచగా, వరసలు వరసలుగా చుట్టింది. పానా జారి వేలి కణుపు చీరుకుపోయినా చెంగుతో తుడుచుకొని బిగించింది. మర్నాడు పొద్దున నమ్మకం లేక బకెట్ పట్టుకొని ఎదురుగా కూర్చుంది. పైపు గాలి ఊదింది, వణికింది, నిండింది. అతుకు పొడిగానే ఉంది.

సంతోషం కలగలేదామెకు. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు వంటింట్లో చీపురు పట్టుకొని నీళ్లు తోశానా అన్న మంటకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఐలవ్వ గోడ పట్టుకొని వచ్చి, పీట మీద కూర్చొని, తన చేత్తో నల్లా తిప్పుకుంది.

“నువ్వు పో బిడ్డా, నీ పని జూస్కో,” అంది. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె ఎవరి సాయం లేకుండా స్నానం చేసింది.

పక్కింటి బాలలక్ష్మి వచ్చి చూసి, తమ ఇంట్లోనూ బిగించమంది. తర్వాత వాడలో ఒక్కొక్కరే పిలిచారు, అదీ అన్నం పొయ్యి మీదున్న వేళకే. మరమగ్గాల షెడ్డులో మాత్రం ఆ పని తనే నేర్పానని దశరథం చెప్పుకుంటున్నట్టు ఆమె చెవిన పడింది. ఆ రోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది, గుర్తొచ్చాక కూడా వేయలేదు.

పదేళ్లలో ఇరవై ఇళ్లకు పైగా నల్లాలు బిగించింది. ఎక్కడికి పోయినా ఆ ఇంటి మగవాళ్లు వెనక నిలబడి కుడికి తిప్పు, ఎడమకు తిప్పు అని చెప్పేవాళ్లు. మొదట్లో ఓపిక పట్టింది. తర్వాత తల తిప్పకుండానే అనేది: “జర పక్కకు జరుగు తమ్మీ, వెల్తురుకు అడ్డమొస్తున్నవ్.”